ఆఫీసు క్రిస్మస్ విందు: లెక్క చివరి నుంచి మొదలుపెట్టండి

మీరు అడిగింది ఇది: నెల్లూరు మినీ బైపాస్ మీద ఆఫీసు, మొత్తం డెబ్బై మంది. డిసెంబర్ 23 సాయంత్రం ఆఫీసు మేడ మీద షామియానా వేసి క్రిస్మస్ విందు పెట్టాలని పైవాళ్ల ఆలోచన. ఈ ఏడాదే చేరిన మీకు ఏర్పాట్లన్నీ అప్పగించారు. ముందు కేటరింగ్ వాళ్లతో మాట్లాడాలా, లేక షామియానా, సామాను అద్దెకిచ్చే సప్లయర్స్‌తోనా అని మీ సందేహం.

ఇద్దరితోనూ వద్దమ్మా. ముందు ఒక నోటుపుస్తకం తీసుకుని మీ డెబ్బై మంది దగ్గరికీ వెళ్లండి. వాట్సాప్‌లో ప్రశ్న పెడితే సగం మంది బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటారు, కాబట్టి మనిషిని చూసి అడగండి. ఏ ఊరి నుంచి వస్తారు, దేంట్లో వస్తారు, రాత్రి ఎన్ని గంటలకు ఇంట్లో ఉండాలి, ఏం తింటారు ఏం తినరు, అయ్యప్ప మాల వేసుకున్నారా. ఈ అయిదు సంగతులు పేరు పేరునా రాసుకోండి. నేను ఇదే ఊళ్లో ఒక ప్రైవేటు సంస్థలో ఇరవై రెండేళ్లు పరిపాలన విభాగం చూశాను. అందులో పద్దెనిమిది క్రిస్మస్ విందులు నా చేతుల మీదుగా జరిగాయి. చెడిన ప్రతి విందూ ఈ అయిదింటిలో ఏదో ఒకటి అడగకపోవడం వల్లే చెడింది.

ఇప్పుడు తేదీ. 23 వద్దని గట్టిగా చెబుతాను. మీ ఆఫీసులో క్రైస్తవులైన సహోద్యోగులకు డిసెంబర్ చివరి పది రోజులు ఊపిరి ఆడని రోజులు. నెల మొదటి నుంచే సెమీ క్రిస్మస్ కూడికలు, రాత్రిపూట ఇంటింటికీ క్యారల్స్, పిల్లలకు నాటికల తర్ఫీదు ఉంటాయి. 24 రాత్రి ఆరాధన, 25 ఉదయం ఆరాధన. 23 సాయంత్రం అంటే ఇంట్లో పిండివంటలు, బట్టల కొనుగోళ్లు, చర్చి అలంకరణ అన్నీ మీద పడి ఉండే వేళ. ఎవరి పండుగ పేరుతో విందు పెడుతున్నామో వాళ్లే గడియారం చూసుకుంటూ కూర్చోవడం ఒకసారి చూశాను. అప్పటి నుంచి ముందుగా వాళ్లను అడిగాకే తేదీ అనుకునేవాణ్ణి.

రెండో చిక్కు లెక్కల విభాగానిది. జీఎస్టీ రిటర్నులకు 11వ తేదీ ఒక గడువు, 20వ తేదీ ఇంకొకటి. 19, 20 తేదీల్లో విందు పెడితే అకౌంట్స్‌లో ఉన్నవాళ్లు కేకు ముక్క కూడా తమ బల్ల దగ్గరే తింటారు. ఈ రెండు గడువులూ, క్రిస్మస్ ముందు మూడు రోజులూ తీసేస్తే మీకు మిగిలేవి 12 నుంచి 18 వరకు, ఆ తరువాత 21. నేనైతే 17 లేదా 18 తీసుకుంటాను. దానికి ఇంకో కారణం కూడా ఉంది. డిసెంబర్ 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. సంక్రాంతి దాకా పెళ్లి ముహూర్తాలు ఉండవు. అంతకు ముందు వారం దాకా దొరకని కల్యాణ మండపాలు, చిన్న ఫంక్షన్ హాళ్లు ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. పెళ్లిళ్ల రోజుల్లో బేరానికి ఒప్పుకోని యజమాని ఇప్పుడు కూర్చోబెట్టి మాట్లాడతాడు. వంట మేస్త్రీలు, వడ్డన కుర్రాళ్లు కూడా తీరికగా ఉంటారు. నెల్లూరులో డిసెంబర్ విందు పెట్టేవాళ్లకు పంచాంగం ఇచ్చే వెసులుబాటు ఇది, వదులుకోకండి.

హాలు ఎందుకు, మేడ ఉందిగా అంటారు మీ పైవాళ్లు. మేడ వద్దనడానికి వాన ఒక్కటి చాలు. మన జిల్లాకు నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాలే ఎక్కువ వాన ఇస్తాయి. డిసెంబర్ సగం దాటినా బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వార్తల్లో వినిపిస్తూనే ఉంటుంది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రెండు రోజులు నెల్లూరు ఎలా తడిసి ముద్దయిందో మీ ఆఫీసులో ఎవరిని అడిగినా చెబుతారు. షామియానా గుడ్డ ఎండకు పనికొస్తుంది, గాలివానకు కాదు. పైగా తడి మేడ మీద కరెంటు తీగలు, సీరియల్ బల్బులు, మైక్ సెట్ పెట్టడం ప్రాణాలతో పందెం. ఒక ఏడాది మేమూ మేడ మీదే పెట్టుకున్నాం. వంటలు పైకి చేరిన పది నిమిషాలకు చినుకు మొదలైంది. బిర్యానీ డేగిశాలను నలుగురు మెట్ల మీద దించుతుంటే ఒక కుర్రాడి కాలు జారింది. చెయ్యి కాలింది. ఆ రాత్రి విందు సంగతి ఎవరికీ గుర్తు లేదు, ఆ కుర్రాడి చెయ్యే గుర్తుంది. మీ పైవాళ్లకు కావాలంటే ఈ సంగతి నా మాటగా చెప్పండి.

హాలు ఎక్కడ చూడాలి? ఊరికి రైలు కట్ట అడ్డం ఉందన్నది మరవకండి. గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జీల కింద నీళ్లు నిలుస్తాయి. ఆఫీసు కట్టకు ఒక పక్కన, హాలు ఇంకో పక్కన ఉంటే ఆ సాయంత్రం మీ పని అక్కడే ఆగిపోతుంది. ఆఫీసు ఉన్న వైపే, జాతీయ రహదారి ఎక్కడానికి వీలున్న చోట చూడండి. హాలు చూడటానికి పగలు కాకుండా, విందు వేళకే వెళ్లండి. మరుగుదొడ్లలో నీళ్లు వస్తున్నాయా, ఆడవాళ్ల గదికి లోపల గడియ ఉందా, మెట్ల దగ్గర దీపం ఉందా, జనరేటరు ఆన్ చేసి చూపిస్తారా అన్నవి అడగండి. డీజిల్ ఎవరిది అన్నది ఆ రోజే తేల్చి కాగితం మీద రాయించండి. శుభ్రం చేసే కూలి, అడ్వాన్సు రసీదు, పన్ను కలిపా విడిగానా అన్నవీ అందులోనే. తుపాను హెచ్చరిక వస్తే అడ్వాన్సు వేరే తేదీకి జమ చేస్తామన్న ఒక్క వాక్యం తప్పనిసరిగా ఉండాలి. ధనుర్మాసంలో ఒప్పుకుంటారు, అడగడమే మీ వంతు.

ఇక సమయం. ఇక్కడే అందరూ తిరగేసి ఆలోచిస్తారు. ఆరింటికి మొదలుపెడదాం, ఎప్పటికి ముగిస్తే అప్పటికి ముగుస్తుంది అనుకుంటారు. మీరు చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మీ పుస్తకంలో అందరికంటే దూరం వెళ్లాల్సిన మనిషి ఎవరు? ఉదాహరణకు కావలి నుంచి వచ్చే ఒక అమ్మాయి అనుకుందాం. యాభై అయిదు కిలోమీటర్లు. తొమ్మిదిన్నరకు ఆమె ఇంటి గుమ్మంలో దిగాలంటే వాహనం ఎనిమిదింటికి కదలాలి. అంటే ఏడూ ముప్పావుకు చేతులు కడగాలి. డెబ్బై మంది తొందర లేకుండా తినడానికి గంటా పావు పడుతుంది కాబట్టి తొలి పళ్లెం ఆరున్నరకు పడాలి. ఆటపాటలు, కేకు, రెండు మాటలకు గంట. అయిదున్నరకు కార్యక్రమం మొదలు. ఆఫీసు నాలుగున్నరకు కట్టేయాలి. ఈ చివరి ముక్కకు యాజమాన్యం ఒప్పుకోకపోతే విందును మధ్యాహ్నానికి మార్చమనండి. చాలా ఆఫీసులకు నిజానికి మధ్యాహ్న భోజనమే మంచిది, ఎందుకో కింద చెబుతాను.

భోజనం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా మనసులో ముల్లులా ఉండిపోయిన సంఘటన ఇక్కడిదే.

డిసెంబర్ అంటే అయ్యప్ప దీక్షల కాలం. నలభై ఒక్క రోజుల దీక్షలో ఉన్నవాళ్లు మన ఆఫీసుల్లో ఎప్పుడూ నలుగురైదుగురు ఉంటారు. వాళ్లకు ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం కావాలి. చాలామంది మధ్యాహ్నం భిక్ష చేసి రాత్రికి అల్పాహారమే తీసుకుంటారు. ఒకసారి మేము ఇదంతా కేటరింగ్ వాళ్లకు చెప్పాం, వాళ్లు తల ఊపారు. వంట వేరుగానే చేశారు. కానీ వడ్డన దగ్గర ఒకే బల్ల మీద కోడి కూర, పక్కనే స్వాముల పప్పు. రద్దీలో ఒక కుర్రాడు కోడి కూర గరిటె తీసి పప్పులో పెట్టాడు. మా స్టోర్స్‌లో పనిచేసే ఒక స్వామి అది చూశాడు. ఒక్క మాట అనలేదు. ఖాళీ పళ్లెం బల్ల మీద పెట్టి, నాకు నమస్కారం చేసి వెళ్లిపోయాడు. మరునాడు నేను క్షమించమని అడిగితే "మీ తప్పేముంది స్వామీ" అన్నాడు. తప్పు నాదే. వంట వేరు చేయించాను కానీ బల్ల వేరు వేయించలేదు.

కాబట్టి వంట వేరు, గిన్నెలు వేరు, గరిటెలు వేరు, బల్ల వేరు, వడ్డించే మనిషి వేరు. వీలైతే గది చివర కాకుండా గాలి వచ్చే మంచి చోట ఆ బల్ల వేయండి, మూలకు నెట్టినట్టు అనిపించకూడదు. విందు సాయంత్రమే అయితే స్వాములకు ఇడ్లీ, ఉల్లి లేని ఉప్మా, పళ్లు, పాలు పెట్టించండి. ముందు వాళ్లనే అడగండి. బయటి వంట అసలు ముట్టని నియమం ఉన్నవాళ్లకు పళ్లు, కొబ్బరికాయ చాలు. మధ్యాహ్నం విందయితే వాళ్ల భిక్ష వేళకు కలుస్తుంది, దూరం వెళ్లేవాళ్లకు చీకటి పడదు, వానొచ్చినా వెలుతురు ఉంటుంది. మధ్యాహ్నం మంచిదని నేను అనడానికి కారణాలివే. ముస్లిం సహోద్యోగుల కోసం కోడి, వేటమాంసం హలాల్ దుకాణం నుంచే తెమ్మని ఒప్పంద కాగితంలో రాయించండి. నోటి మాట వంటశాల దాకా చేరదు.

ఏం వండించాలి అన్నదానికి నా సలహా ఒకటే: నిలబడి తినగలిగినవి. నెల్లూరు విందులో చేపల పులుసు లేకపోతే ఎలా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నాకూ ఇష్టమే. కానీ ఒక చేత్తో పళ్లెం పట్టుకుని, ఇంకో చేత్తో ముళ్లు తీసుకుంటూ తినడం కుదరదు. పులుసు కావాలంటే బల్లలు వేసి బంతి భోజనం పెట్టండి. లేదా ముల్లు లేని చేప వేపుడుతో సరిపెట్టండి. బంతి భోజనానికి మనుషులు, స్థలం ఎక్కువ కావాలి. అయినా వయసు పైబడిన ఉద్యోగులు, మోకాళ్ల నొప్పులున్నవాళ్ల కోసం బఫే పెట్టినా పదిహేను కుర్చీలు, మూడు బల్లలు విడిగా ఉంచండి.

పరిమాణాల్లో మోసపోయేది శాకాహారం దగ్గర. మీ పుస్తకంలో శాకాహారులు ఇరవై మంది ఉంటే ఇరవై మందికే వండిస్తారు. మాంసం తినేవాళ్లు కూడా పనీర్ కూర, గుత్తివంకాయ వేసుకుంటారు. చివర వచ్చిన శాకాహారికి పెరుగన్నం మిగులుతుంది. ఇరవైకి ముప్పై అయిదు మంది లెక్క చెప్పండి, శాకాహారుల వరుసను పది నిమిషాలు ముందు వదలండి. బిర్యానీకి, పక్కన అన్నం, కూరలు ఉంటే, కిలో బియ్యం ఎనిమిది మందికి సరిపోతుంది. యాభై మందికి ఆరు, ఆరున్నర కిలోలు. పది కిలోలు కావాలని మేస్త్రి అంటే మిగిలేది ఎవరి ఇంటికి పోతుందో ఆలోచించండి. పెరుగన్నం మాత్రం లెక్క చూడకుండా పెట్టించండి. మన జిల్లావాళ్లు ఏం తిన్నా చివర పెరుగు పడకపోతే భోజనం అయిందనుకోరు.

వండినవి ఎప్పుడు తెస్తారన్నది రుచికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. వేడి పదార్థం 60 డిగ్రీల పైన ఉండాలి, చల్లనిది 5 డిగ్రీల లోపు. ఈ రెంటి మధ్య రెండు గంటలు దాటి ఉంచితే కడుపు చెడే ప్రమాదం ఉంది. తొలి పళ్లెం ఆరున్నరకైతే వంటలు ఆరుకు రావాలి. నాలుగింటికే దించేసి వెళ్లిపోతామంటే ఒప్పుకోకండి. వేడి నీళ్ల తొట్టెల మీద పెట్టే పాత్రలు, కింద దీపాలు తెస్తారా అని అడగండి. నీళ్లకు ఇరవై లీటర్ల క్యాన్లు అయిదు చెప్పండి, నాలుగు సరిపోతాయి, ఒకటి చేతులు కడిగే చోట అక్కరకొస్తుంది.

పళ్లేలు, గ్లాసుల విషయంలో ఒక హెచ్చరిక. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతా నిషేధం. అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా అదే జాబితాలో ఉంది. స్టీలు పళ్లేలు సప్లయర్స్ దగ్గర అద్దెకు దొరుకుతాయి, పోక పళ్లేలూ దొరుకుతాయి.

అలంకరణకు ఎక్కువ ఖర్చు పెట్టకండి. మన తీరంలో పెరిగే సరుగుడు కొమ్మ ఒకటి తెచ్చి బకెట్ ఇసుకలో నిలబెడితే చక్కటి క్రిస్మస్ చెట్టు. ప్లాస్టిక్ చెట్టుకు ఆ వాసన రాదు. పశువుల పాక కట్టడానికి ఎండుగడ్డి, కొబ్బరి మట్టలు చాలు. అయితే గడ్డి దగ్గర కొవ్వొత్తి పెట్టనివ్వకండి. నక్షత్రం మాత్రం మంచిది కొనండి, పైన కనిపించేట్టు కట్టండి. నెల్లూరుకు, నక్షత్రానికి పాత చుట్టరికం ఉంది. 1840లో ఇక్కడికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ చాలా ఏళ్లు ఎదుగూ బొదుగూ లేక, మూసేయాలా అన్న చర్చలకు గురై, చివరికి "ఒంటరి నక్షత్రం" అన్న పేరుతోనే నిలబడింది. అక్కడ పనిచేసిన జూయెట్ దంపతులు 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ప్రార్థన చేశారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. మీ ఆఫీసులో పెద్దవాళ్లైన ఒక క్రైస్తవ ఉద్యోగిని ఈ సంగతులు అయిదు నిమిషాలు చెప్పమనండి. మేనేజరు గారి అరగంట ప్రసంగం కంటే అందరూ శ్రద్ధగా వింటారు.

ప్రార్థన చేయించాలా అని అడిగారు. ఆఫీసు విందులో చిన్న ప్రార్థన, ఒక పాట, కేకు చాలు. రెండు మూడు నిమిషాలని ప్రార్థన చేసేవారికి ముందే మర్యాదగా చెప్పండి. ఇష్టం లేనివాళ్లు ఆ తరువాత రావచ్చని అందరికీ చెప్పండి. క్రైస్తవుల్లోనూ క్రిస్మస్ జరుపుకోని సంఘాలవాళ్లు ఉన్నారు. క్రిస్మస్ తాత వేషం నచ్చనివాళ్లూ ఉన్నారు. ఆ వేషం వేయమని ఎవరినీ, ముఖ్యంగా కొత్తగా చేరిన కుర్రాళ్లను, బలవంతం చేయనివ్వకండి. మద్యం సంగతి మాట్లాడుతూ కూడా సమయం పోగొట్టుకోవద్దు, అది వద్దు. మీ ఆఫీసులో ఈ పండుగ ఎవరిదో వాళ్లలో చాలామంది ముట్టరు. రాత్రి రహదారి మీద మోటారు సైకిళ్లు నడిపేవాళ్లు మీ మనుషులే.

కేకు పది రోజుల ముందు చెప్పండి. 20 దాటితే బేకరీల్లో మీ మాట వినేవాళ్లు ఉండరు. ప్లమ్ కేకు యాభై గ్రాముల ముక్కలుగా కోస్తే కిలోకు ఇరవై వస్తాయి. మీకు మూడు కిలోలు అది, ఒక కిలో గుడ్డు లేనిది. ప్లమ్ కేకులో పళ్లను రమ్ములో నానబెట్టారా అని తప్పక అడగండి, నానబెట్టనిదే తీసుకోండి. ఇంటికి తీసుకెళ్లడానికి ఏదైనా ఇవ్వాలనుకుంటే మన ఊరి మలై కాజా ఉండనే ఉంది. అయితే విందు రోజు ఉదయం చేసినదే తెప్పించండి, పాల సరుకు నిలవ ఉండదు.

చీటీలు తీసి ఒకరికొకరు కానుకలు ఇచ్చుకునే ఆట పెడితే ధరకు పైహద్దు, కిందిహద్దు రెండూ పెట్టండి. జీతాలు అందరికీ ఒకటి కాదు. ఆ రోజు రానివాళ్ల వల్ల ఎవరో ఒకరికి కానుక అందదు, అందుకని మూడు అదనంగా మీ సంచిలో ఉంచుకోండి. పాటలకు మైకు పెడితే రాత్రి పదింటి నిబంధన ఉంది. మీరు ఎనిమిదికే ముగిస్తారు కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక మీ డెబ్బై మంది లెక్కలో ఎవరున్నారో మళ్లీ చూడండి. రాత్రి కాపలా మనిషి, ఊడ్చే అమ్మ, టీ తెచ్చే అబ్బాయి, వాహనాల డ్రైవర్లు జాబితాలో ఉన్నారా? చాలా ఆఫీసుల్లో వీళ్లు కాంట్రాక్టరు మనుషులని లెక్కలోకి రారు. వాళ్ల పేర్లు మీ చేత్తో రాయండి. డ్రైవర్లు తొలి వరుసలోనే తినాలి, ఎనిమిదింటికి బండి కదిలించాల్సింది వాళ్లే. కాపలా మనిషి గేటు వదిలి రాలేడు. అతని భోజనం వేడిగా ఉన్నప్పుడే క్యారియరులో పెట్టి పంపండి, మిగిలినది కాదు.

వాహనాల కోసం పుస్తకంలో ఊళ్లను దారుల వారీగా కలపండి. కోవూరు, అల్లూరు అడ్డరోడ్డు, కావలి ఒక దారి. గూడూరు వైపు ఒకటి. బుచ్చిరెడ్డిపాళెం వైపు ఒకటి. ప్రతి బండిలో ఒక పెద్ద మనిషికి బాధ్యత ఇచ్చి, దిగే క్రమం కాగితం మీద రాసి ఇవ్వండి. ఒంటరిగా ఒక ఆడపిల్ల చివరగా దిగేట్టు క్రమం ఉండకూడదు. ఆమెది చివరి ఊరైతే ఆ బాధ్యత ఉన్న మనిషి ఆమెను దింపాకే తన ఇంటికి వెళ్లాలి. పెన్నకు వరద వచ్చిన 2021 నవంబరులో కోవూరు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయి రాకపోకలు ఆగాయి. అలాంటి రోజు వస్తే దూరం వాళ్లు ఎక్కడ పడుకోవాలో ముందే అనుకోండి. మేము ఊళ్లో ఇళ్లున్న ముగ్గురు ఉద్యోగులను ఏటా ముందుగా అడిగి పెట్టుకునేవాళ్లం. ఒక్కసారే అవసరం పడింది. ఆ ఒక్క రాత్రి తొమ్మిది మంది వాళ్ల ఇళ్లలో పడుకున్నారు.

ఆ సాయంత్రం మీకు తినే తీరిక ఉండదు. వడ్డన మొదలయ్యే ముందే ఒక పళ్లెం మీ కోసం మూతపెట్టి ఉంచమని మేస్త్రికి చెప్పండి. పుస్తకం మాత్రం చేతిలోనే ఉంచుకోండి. ఒక్కొక్కరు ఇల్లు చేరామని ఫోను చేసినప్పుడల్లా ఆ పేరు పక్కన టిక్కు పెట్టండి. డెబ్బైవ టిక్కు పడ్డాక పడుకోండి.